ఊరికి వైద్యం చేసే చదువు

మన కోనసీమలో అమలాపురం, రాజోలు వైపు బోదకాలుతో బాధపడే పెద్దవారిని మీరు చూసే ఉంటారు. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ ఫైలేరియా పురుగును ఒకరి నుండి మరొకరికి చేరుస్తుంది. దీని పరీక్షకు రక్తం రాత్రిపూట తీస్తారు. ఎందుకో తెలుసా? పగలు ఊపిరితిత్తులలో దాగే పురుగు పిల్లలు, దోమ కుట్టే రాత్రివేళకు చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి!

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం 1947లో అమెరికాలో దీనికి డి.ఇ.సి. అనే మందును వెల్లడించింది. కాని కొందరే మింగితే లాభం లేదు. మిగిలినవారి రక్తం నుండి దోమ మళ్ళీ పురుగును మోస్తుంది. అందుకే 2004లో ప్రభుత్వం ఈ వ్యాధి ఉన్న జిల్లాలలో ఏటా ఊరందరి చేత మాత్రలు మింగించే పని చేపట్టింది. ఎందరు మింగారో లెక్కించడం, మింగనివారిని కారణం అడగడం, మురుగు నిలవకుండా చూడడం - ఇదే ప్రజారోగ్యం.

ఇందులో పట్టా కావాలా? డిగ్రీ స్థాయిలో దీన్ని నేర్పే కళాశాలలు కొద్ది. నర్సింగో, వైద్యమో, జీవశాస్త్రమో చదివి, ఆపై ఎం.పి.హెచ్. చేసేవారే ఎక్కువ. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఆ కోర్సు ఉంది. ఏ డిగ్రీవారిని చేర్చుకుంటారో ముందు తెలుసుకొని, తరువాత డిగ్రీ ఎంచుకోండి.

ఒక్క మాట: లెక్కలు తప్పించుకోవడానికి బైపీసీలో చేరకండి. ఊరి జబ్బును పట్టి ఇచ్చేది లెక్కలే!