మొదటి డ్యూటీలో సిస్టర్ నుంచి ఏం ఆశించాలి, ఏం ఆశించకూడదు

మా చిన్నమ్మ కూతురు జీఎన్ఎం పూర్తి చేసి ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో చేరిన మొదటి వారం. నైట్ డ్యూటీలో తనొక్కతే. సెలైన్ ఎక్కించడానికి ఒక పెద్దాయన మంచం దగ్గరికి వెళ్తే, ఆయన భార్య అడిగింది: "మీదే ఊరు బిడ్డా? ఇంటి పేరేంది?" చెప్పింది. "ఇంకో సిస్టర్ లేదా?" అన్నది ఆమె. పొద్దున మేనేజ్‌మెంట్ తనతో అన్నమాట ఒక్కటే: పేషెంట్లను నొప్పించొద్దు. మూడేళ్ల కోర్సులో ఈ పాఠం ఎవరూ చెప్పలేదు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016 అక్టోబర్ 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి విడిపడి జిల్లాలయ్యాయి. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి, తర్వాత గద్వాలకూ వచ్చింది. మెడికల్ కాలేజీ వస్తే దాని వెంట బోధనాస్పత్రి, పడకలు, నర్సుల అవసరం వస్తాయి. 2024 జనవరి 31న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో రాష్ట్రవ్యాప్తంగా దాదాపు ఏడు వేల మంది స్టాఫ్ నర్సులకు నియామక పత్రాలు ఇచ్చారు. అంటే మన ప్రాంతపు యువతులు మొదటి ఉద్యోగంలోకి అడుగుపెడుతున్న కాలమిది.

ఈ వృత్తికీ కులానికీ సంబంధం పాతది. రక్తం, మలమూత్రాలు, పరాయి శరీరాన్ని ముట్టుకునే పని గనుక ఆధిపత్య కులాలు చాలాకాలం నర్సింగ్‌ను చిన్నచూపు చూశాయి. మిషనరీ ఆస్పత్రులు దళిత క్రైస్తవ స్త్రీలకు ఈ తలుపు తెరిచాయి. మన పాలమూరులో జడ్చర్ల మెన్నొనైట్ బ్రదరెన్ ఆస్పత్రి ఆ చరిత్రలో భాగమే. ఇప్పుడు సర్కారు కొలువు, మంచి జీతం వచ్చాక అందరూ వస్తున్నారు. రావాలి కూడా. కానీ వార్డులో "ఎవరి పని ఎవరిది" అనే పాత లెక్క మాత్రం పోలేదు.

ఆశించాల్సినవి

కొత్త నర్సు అన్నీ తెలిసినదై ఉండాలని ఎవరూ అనుకోకూడదు. అమెరికాలో మార్లిన్ క్రేమర్ 1974లోనే, కాలేజీలో నేర్చుకున్నదానికీ వార్డులో కనిపించేదానికీ మధ్య తేడా కొత్త నర్సులను ఎలా కుదిపేస్తుందో పుస్తకంగా రాశారు. 1984లో ప్యాట్రీషియా బెన్నర్, నర్సు కొత్తదనం నుంచి నైపుణ్యానికి మెట్టుమెట్టుగా ఎక్కుతుందని చూపారు. మొదటి మెట్టు మీద ఉన్నవాళ్ల నుంచి ఆశించాల్సినవి ఇవి:

నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చేయించుకుని ఉండటం. డ్యూటీ మారేటప్పుడు ప్రతి పేషెంట్ గురించి పూర్తిగా చెప్పడం, చెప్పించుకోవడం. మందు ఇచ్చే ముందు మనిషి, మందు, మోతాదు, దారి, సమయం ఐదూ సరిచూసుకోవడం. చేసిన పనిని అప్పుడే కేస్ షీట్‌లో రాయడం. బీపీ పడిపోతున్నా, బాలింతకు రక్తస్రావం ఎక్కువైనా ఆలస్యం చేయకుండా డాక్టర్‌ను పిలవడం. అన్నిటికన్నా ముఖ్యం, తెలియనిదాన్ని "తెలియదు, చూపించండి" అని అడగడం. అడిగితే చులకనవుతామన్న భయం మొదటి తరం చదువుకున్నవాళ్లలో ఎక్కువ. కానీ అడగకుండా ఇచ్చిన ఇంజెక్షన్ ప్రాణం తీయొచ్చు.

మన దగ్గర ఇంకొకటి కలుపుకోవాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం గద్వాల జిల్లా అక్షరాస్యత 50 శాతం లోపే. నాగర్‌కర్నూల్ జిల్లా నల్లమలలో చెంచు పెంటలున్నాయి. చీటీ చదవలేని తల్లికి ఏ గోలీ ఎప్పుడు వేయాలో చెప్పి, తిరిగి ఆమెతో చెప్పించుకోవడం కూడా నర్సు పనే.

ఆశించకూడనివి

ఒకటి, ఒక్కరే వార్డంతా మోయడం. భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం జనరల్ వార్డులో బోధనాస్పత్రి అయితే ముగ్గురు పేషెంట్లకు ఒకరు, మామూలు ఆస్పత్రి అయితే ఐదుగురికి ఒకరు ఉండాలి.

రెండు, చాలీచాలని జీతం. 2016 జనవరి 29న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో వేసిన కేంద్ర కమిటీ, 50 పడకలలోపు ప్రైవేటు ఆస్పత్రిలో కూడా నర్సు జీతం నెలకు రూ.20,000 తగ్గకూడదని, 200 పడకలు దాటితే సర్కారు నర్సుతో సమానంగా ఇవ్వాలని సిఫార్సు చేసింది. సిఫార్సు సిఫార్సుగానే మిగలడం వల్లే పోరాటం అవసరమవుతోంది.

మూడు, రక్షణ లేకుండా సూదులతో పని. 2016 బయోమెడికల్ వ్యర్థాల నియమాల ప్రకారం సిబ్బందికి హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించాల్సింది ఆస్పత్రే. సూది గుచ్చుకుంటే వెంటనే సబ్బుతో కడిగి, రిపోర్ట్ చేయాలి. హెచ్ఐవీ నివారణ మందు మొదలుపెట్టాల్సి వస్తే గంటల్లోనే, 72 గంటలు దాటకుండా మొదలుపెట్టాలి.

నాలుగు, కులాన్ని బట్టి పని పంచడం. శుభ్రం చేసే పనులు ఎప్పుడూ ఒకే నర్సుకు, ఆఫీసు పని, ఓపీ ఎప్పుడూ ఇంకొకరికి పడుతుంటే డ్యూటీ చార్టు నెలనెలా ఫొటో తీసి పెట్టుకోండి. అదే రేపు సాక్ష్యం. నలుగురిలో కులం పేరుతో అవమానిస్తే, తిడితే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలోని సెక్షన్ 3(1)(ఆర్), 3(1)(ఎస్) వర్తిస్తాయి. ఉద్యోగం చేయనీయకుండా అడ్డుకోవడం కూడా 2015 సవరణతో నేరమైంది. ఎఫ్ఐఆర్ నమోదుకు ముందస్తు విచారణ అక్కర్లేదని 2018 సవరణ స్పష్టం చేసింది. లైంగిక వేధింపులైతే 2013 చట్టం కింద మూడు నెలల్లోపు అంతర్గత కమిటీకి, పదిమంది కంటే తక్కువ సిబ్బంది ఉన్న నర్సింగ్ హోమ్ అయితే జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయాలి.

చేరిన రోజే చేయాల్సినవి

అపాయింట్‌మెంట్ ఆర్డర్ కాగితం మీద తీసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, అప్పగించకండి. జీతం బ్యాంకులో వేయమనండి. సర్కారు ఆస్పత్రిలో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ పద్ధతిలో చేరితే సర్వీసు కాగితాలు జాగ్రత్త. 2022 డిసెంబర్ స్టాఫ్ నర్స్ నోటిఫికేషన్‌లో రాత పరీక్షకు 80 మార్కులైతే, అలాంటి సర్వీసుకు 20 కేటాయించారు. కాగితం లేని చాకిరీకి మార్కు లేదు.

చివరిగా, ఆ రాత్రి సంగతి. పేషెంట్‌కు వైద్యం వద్దనే హక్కు ఉంది, నర్సు కులాన్ని ఎంచుకునే హక్కు లేదు. చేయి వెనక్కి తీసుకున్నవాళ్లకు కూడా సేవ చేయడం నర్సు ధర్మం, ఆ నర్సు పక్కన నిలబడటం ఆస్పత్రి బాధ్యత. మొదటిది మన పిల్లలు చేస్తూనే ఉన్నారు. మా చెల్లి కూడా ఆ పెద్దాయనకు ఆ రాత్రే సెలైన్ పెట్టింది, ఎందుకంటే ఇంకో సిస్టర్ లేదు. రెండోది చేయించాల్సింది విద్యార్థి సంఘాలు, నర్సుల సంఘాలు, మనం.