విక్టోరియన్ గ్యాస్ షాండ్లియర్లు - జపాన్ అలంకరణ: ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

19వ శతాబ్ది చివరి దశకాల్లో ఇంగ్లండు, అమెరికా దేశాల సంపన్న గృహాల్లో వెలిగిన ఇత్తడి గ్యాస్ షాండ్లియర్లలో కొన్నింటిపై విసనకర్రలు, వెదురు కణుపులు, సారస పక్షులు, ప్లమ్ పూల కొమ్మలు కనిపిస్తాయి. వీటిని జపాన్ శైలి వస్తువులుగా వర్గీకరించడం పరిపాటి. ఆ శైలి దీపపు నిర్మాణాన్ని మార్చిందా, లేక ఉపరితలానికే పరిమితమైందా? ఈ ప్రశ్నకు సమాధానం అన్వేషించడమే ఈ వ్యాసం లక్ష్యం.

2. నిర్మాణాన్ని శాసించిన గ్యాసు

లండన్‌లో 1812లో గ్యాస్ లైట్ అండ్ కోక్ కంపెనీ ఏర్పడిన తర్వాత బొగ్గు గ్యాసు క్రమంగా వీధుల నుండి ఇళ్లలోకి ప్రవేశించింది. కొవ్వొత్తుల షాండ్లియర్‌ను గొలుసుతో వేలాడదీయవచ్చు; గ్యాసు దీపానికి మాత్రం పైకప్పు నుండి బర్నరు దాకా బోలుగొట్టం తప్పనిసరి. ప్రతి కొమ్మలోనూ గ్యాసు ప్రవహించాలి, ప్రతి కొమ్మకూ ఒక కుళాయి ఉండాలి. గాజు బుడ్డి లోపల మంట పైకి లేస్తుంది కనుక బర్నర్లు ఊర్ధ్వముఖంగానే ఉండేవి.

కొన్ని దీపాలను కిందికి దించే వీలుండేది. ఒకదానిలో ఒకటి జారే గొట్టాల మధ్య నింపిన నీరు గ్యాసు బయటికి రాకుండా అడ్డుకునేది. కప్పీలపై నడిచే గొలుసులకు కట్టిన బరువులు దీపాన్ని కోరిన ఎత్తులో నిలిపేవి. నీరు ఆవిరైపోతే గ్యాసు గదిలోకి వెలువడే ప్రమాదం ఉండడంతో దానిని ఎప్పటికప్పుడు నింపవలసి వచ్చేది.

3. జపాన్ అలంకరణ: చారిత్రక నేపథ్యం

1854లో అమెరికాతో కుదిరిన ఒప్పందంతో జపాన్ పాశ్చాత్య దేశాలకు ద్వారాలు తెరవడం మొదలైంది. 1862 లండన్ అంతర్జాతీయ ప్రదర్శనలో రూథర్‌ఫర్డ్ ఆల్కాక్ సేకరించిన జపాన్ వస్తువులు రూపశిల్పులను ఆకర్షించాయి. 1872లో ఫ్రెంచి విమర్శకుడు ఫిలిప్ బుర్టీ ఈ ధోరణికి 'జపానిజం' అని నామకరణం చేశాడు. రూపశిల్పి క్రిస్టఫర్ డ్రెస్సర్ 1876-77లో జపాన్‌లో పర్యటించి, అక్కడి వాస్తు, కళాపరిశ్రమలపై 1882లో గ్రంథం ప్రచురించాడు.

4. అలంకరణకూ నిర్మాణానికీ గల సంబంధం

జపాన్ చిత్రణలో పాశ్చాత్యులను ఆకట్టుకున్న గుణాలలో అసౌష్ఠవం ముఖ్యమైనది. షాండ్లియర్ కొమ్మలు మాత్రం తూకం కోసం సమాన దూరంలోనే ఉండాలి. అందువల్ల అసౌష్ఠవానికి గొట్టాల మధ్య బిగించిన ఇత్తడి పలకల మీదే చోటు దొరికింది. పలకపై పూలకొమ్మ ఒక మూలకు ఒరగవచ్చు. గ్యాసు కొమ్మ ఒరగడానికి వీల్లేదు.

పైగా ఈ వస్తువుకు జపాన్‌లో మాతృక లేదు. అక్కడి ఇళ్లలో విరివిగా వాడిన 'అందోన్' నేలపై నిలిపే కాగితపు దీపం. అందులో నూనె వెలిగేది. యోకొహామా వీధుల్లో గ్యాసు దీపాలు వెలిగింది 1872లో. అంటే చిత్రణ జపాన్ నుండి పడమటికి ప్రయాణిస్తున్న కాలంలోనే గ్యాసు వెలుగు పడమటి నుండి జపాన్‌కు చేరింది.

షిప్పింగ్ వ్యాపారి ఫ్రెడరిక్ లేలండ్ లండన్ గృహంలోని 'పీకాక్ రూమ్' ఇందుకు చక్కని ఉదాహరణ. థామస్ జెకిల్ రూపొందించిన ఈ గదిలో గ్యాసు దీపాలు ట్యూడర్ తరహా పైకప్పు నుండి వేలాడాయి. అరలు ప్రధానంగా చైనా పింగాణీ కోసం ఏర్పడ్డాయి. 1876-77లో విస్లర్ వేసిన బంగారు నెమళ్లలో జపాన్ ప్రభావం స్పష్టం. వాషింగ్టన్‌లోని ఫ్రీర్ గ్యాలరీలో నేడు భద్రంగా ఉన్న ఈ గదిని ఒకే దేశపు శైలిగా పేర్కొనడం సాధ్యం కాదు.

5. ముగింపు

విద్యుత్తు వచ్చాక అనేక గ్యాస్ షాండ్లియర్లను తీగలతో మార్చారు. బల్బుకు దిశానియమం లేదు కనుక కొమ్మలను కిందికి తిప్పడం, కుళాయిలను, బరువులను తొలగించడం జరిగింది. అలంకరణ మిగిలి, దానిని పరిమితం చేసిన యంత్రాంగం అదృశ్యమైంది. అటువంటి వస్తువును చూసినవారికి జపాన్ ప్రభావం ఉన్నదానికంటే అధికంగా తోచే అవకాశం ఉంది.

కనుక పరిశోధకులు అలంకరణ కంటే ముందు బోలుగొట్టాలను, కుళాయి రంధ్రాలను, బర్నరు మరలను, కప్పీల ఆనవాళ్లను నమోదు చేయాలి. ఒక సంస్కృతి మరొకదాని నుండి ఏమి స్వీకరించిందో తెలియాలంటే, స్వీకరించడానికి ఆ వస్తువులో ఎంత చోటు మిగిలిందో మొదట తేలాలి. విక్టోరియన్ గ్యాస్ షాండ్లియర్‌లో ఆ చోటు గొట్టాల మధ్యనున్న ఇత్తడి పలక.