యాజమాన్య పత్రాలు లేని పాత కారును వదిలించుకోవడం

6.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• కారుకూ, దాని రిజిస్ట్రేషన్‌కూ ఉన్న తేడాను వివరించగలరు.
• పత్రాలు పోయిన కారు, మరణించినవారి కారు, ఇతరులు వదిలివెళ్లిన కారు – ఈ మూడింటికీ వర్తించే పద్ధతులను వేరుచేసి చెప్పగలరు.
• కారును తుక్కుకు ఇచ్చేటప్పుడు తీసుకోవలసిన ధృవపత్రాలను పేర్కొనగలరు.

6.1 పరిచయం

2008 మార్చిలో హైదరాబాద్ విమానాల రాకపోకలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారాయి. ఆ తరవాత ఆ పరిసరాల్లో పొలాలు ప్లాట్లయ్యాయి. ఖాళీ జాగాల్లో పార్కింగులు వెలిశాయి. గల్ఫ్‌కో అమెరికాకో వెళ్తూ ఇంటి షెడ్డులో పెట్టిన కారు ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోవడం మీరూ చూసి ఉంటారు. టైర్లు చదునైపోతాయి, వైర్లను ఎలుకలు కొరుకుతాయి. ఒకనాడు ఆ జాగా అవసరపడుతుంది. తీరా వెతికితే ఆర్‌సి, అంటే రిజిస్ట్రేషన్ ధృవపత్రం, కనబడదు. ఇంతలో పాత సామాన్ల వ్యాపారి వచ్చి, "కాగితాలు లేకున్నా ఫరవాలేదు, ఇనుము లెక్కన తీసుకుంటా" అంటాడు. ఈ మాటకు ఒప్పుకుంటే ఏం జరుగుతుంది? ఒప్పుకోకపోతే దారి ఏమిటి? ఈ రెండు ప్రశ్నలకు సమాధానాలు ఇక్కడ తెలుసుకుందాం.

6.2 వాహనం వేరు, నమోదు వేరు

కారు ఇంటి ముందు నుంచి వెళ్లిపోయినంత మాత్రాన రవాణా శాఖ రికార్డులో మీ పేరు చెరిగిపోదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 2(30) ప్రకారం, సాధారణంగా వాహనం ఎవరి పేర రిజిస్టరై ఉందో వారే యజమాని. నవీన్ కుమార్ – విజయ్ కుమార్ కేసులో (2018) సుప్రీంకోర్టు ఈ సూత్రాన్నే స్థిరపరచింది. ఆ కారు వరసగా పలువురి చేతులు మారింది. అయినా రికార్డులో పేరు మారలేదు కాబట్టి, ప్రమాద నష్టపరిహారం బాధ్యత రిజిస్టరైన యజమానిదేనని కోర్టు చెప్పింది.

కాగితాలు లేకుండా కొన్న వ్యక్తి కారును ముక్కలు చేయకుండా నడిపినా, దాని నంబరు ప్లేటును మరో బండికి తగిలించినా, పోలీసులు మొదట వచ్చేది మీ ఇంటికే. అందువల్ల కారును వదిలించుకోవడం అంటే రెండు పనులు పూర్తిచేయడం: వాహనాన్ని అప్పగించడం, నమోదును బదిలీ గానీ రద్దు గానీ చేయించడం.

6.3 పత్రం పోయింది, హక్కు పోలేదు

ఆర్‌సి యాజమాన్యానికి సాక్ష్యం మాత్రమే. అది పోయినా రికార్డు రవాణా శాఖ వద్ద ఉంటుంది. మొదట కారుపై ఉన్న ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు రాసుకోండి. రిజిస్ట్రేషన్ నంబరుతో పరివాహన్ పోర్టల్‌లో వివరాలు సరిచూడండి. ఆ తరవాత మీకు వర్తించే పద్ధతిని అనుసరించండి.

(అ) కారు మీ పేరనే ఉంటే: ఆర్‌సి పోయినట్లు పోలీస్ స్టేషన్‌లో తెలియజేసి, ఫారం 26తో నకలు ఆర్‌సికి దరఖాస్తు చేయాలి. కారు కొన్నప్పటి రుణం రికార్డులో ఇంకా నమోదై ఉంటే, బాకీ తీరినట్లు రుణసంస్థ సంతకం చేసిన ఫారం 35 కూడా కావాలి. బాకీ ఎప్పుడో తీరినా ఈ నమోదును తీయించడం చాలామంది మరచిపోతారు.

(ఆ) యజమాని మరణించి ఉంటే: వాహనం ఎవరి స్వాధీనంలోకి వచ్చిందో వారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేసి, మూడు నెలల్లో ఫారం 31 ద్వారా పేరు మార్పు కోరాలి. గడువు దాటితే అదనపు రుసుము పడవచ్చు గాని, అవకాశం పోదు.

(ఇ) కొన్నారు గాని మీ పేరకు మార్చుకోకపోతే: అమ్మిన వ్యక్తి సంతకాలతో ఫారం 29, ఫారం 30 అవసరం. ముందుగా ఆ వ్యక్తి ఆచూకీ పట్టుకోవాలి.

ఉదాహరణ: శంషాబాద్‌లోని ఒక కుటుంబంలో తండ్రి 2006లో కొన్న, ఏపీ 28తో మొదలయ్యే నంబరు గల కారు ఉందనుకుందాం. 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ గడువు 2021లో ముగిసింది. తండ్రి లేరు, ఆర్‌సి దొరకలేదు. పిల్లలు ముందుగా మరణ ధృవపత్రం, కుటుంబ సభ్యుల ధృవీకరణ పత్రం తెచ్చుకోవాలి. మిగిలిన వారసుల అంగీకారం రాతపూర్వకంగా తీసుకుని, ఒకరు ముందుకు రావాలి. తుక్కుకు ఇవ్వదలచినప్పుడు, కారును మరమ్మతు చేయించి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించనవసరం లేదు.

6.4 ఇతరులు మీ జాగాలో వదిలిన కారు

ఇక్కడ పరిస్థితి పూర్తిగా వేరు. జాగా మీది, కారు మీది కాదు. పార్కింగ్ అద్దె బాకీ ఉన్నంత మాత్రాన దాన్ని అమ్మే హక్కు మీకు రాదు. తనది కాని వస్తువును అమ్మినవారు కొన్నవారికి మంచి హక్కు ఇవ్వలేరన్నది వస్తు విక్రయ చట్టం, 1930లోని సెక్షన్ 27 సారాంశం. అది దొంగిలించిన కారైతే, తెలిసి ఉంచుకోవడం నేరం కూడా.

కాబట్టి కారు నంబరు, ఫొటోలు, ఎప్పటి నుంచి ఉందన్న వివరాలతో పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, రసీదు తీసుకోండి. పోలీసులు స్వాధీనం చేసుకున్న వాహనానికి యజమాని ఎవరో తెలియకపోతే, హక్కుదారులు ఆరు నెలల్లో హాజరు కావాలని మేజిస్ట్రేట్ ప్రకటన ఇవ్వవచ్చు (భారతీయ నాగరిక సురక్షా సంహిత, సెక్షన్ 503). సైబరాబాద్ పోలీసులు ఇలా పేరుకున్న వాహనాలను మొయినాబాద్ శిక్షణ కేంద్రం మైదానంలో ఉంచి, అభ్యంతరాలకు ఆరు నెలల గడువు ప్రకటించి, ఆ తరవాత బహిరంగ వేలం వేసిన సందర్భాలున్నాయి. అంటే ఎవరూ రాని కారుకు కూడా అసలు యజమాని కోసం చట్టం కొంత కాలం ఎదురుచూస్తుంది.

కారు మీ జాగాలో కాక బహిరంగ స్థలంలో పది గంటలకు మించి వదిలేసి ఉంటే, సెక్షన్ 127 కింద పోలీసు అధికారి దాన్ని తొలగింపజేయవచ్చు.

6.5 తుక్కుకు ఇచ్చే పద్ధతి

కేంద్ర ప్రభుత్వం 2021 సెప్టెంబరులో వాహన తుక్కు కేంద్రాల నియమాలు జారీచేసింది. వాటి ప్రకారం రిజిస్టరైన కేంద్రానికే కారు ఇవ్వాలి. కేంద్రం వారు కారు దొంగిలించినది కాదని రికార్డులతో సరిచూసి, తీసుకున్నాక డిపాజిట్ ధృవపత్రం, ముక్కలు చేశాక తుక్కు ధృవపత్రం ఇస్తారు. కొత్త సొంత కారు కొనేటప్పుడు డిపాజిట్ ధృవపత్రంపై మోటారు పన్నులో 25 శాతం వరకు రాయితీ ఇవ్వడానికి కేంద్ర నియమాలు వీలు కల్పించాయి. చివరగా సెక్షన్ 55 కింద రిజిస్ట్రేషన్ రద్దయినట్లు పోర్టల్‌లో చూసి నిర్ధారించుకోండి. అప్పటికిగాని పని పూర్తికాదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ఇనుము లెక్కన కారు అమ్మినవారికి ఎలాంటి బాధ్యత మిగులుతుంది?
2. ఫారం 26కూ ఫారం 31కూ తేడా ఏమిటి?

6.6 సారాంశం

పాత కారుకు ఇనుము విలువ కొద్దిగానే ఉండవచ్చు. దానిపై ఉన్న పేరుకు బాధ్యత మాత్రం తరగదు. పోయిన ఆర్‌సికి నకలు దొరుకుతుంది. వారసులకు పేరు మార్పు ఉంది. ఇతరుల కారుకు పోలీసులు, మేజిస్ట్రేట్ ద్వారా మార్గం ఉంది. వీటిలో ఏ దారిలో వెళ్లినా, రికార్డులో బదిలీ గానీ రద్దు గానీ కనబడేవరకు మీ దగ్గరి కాగితాలు పారేయకండి.

6.7 నమూనా పరీక్ష ప్రశ్న

మీ వీధిలో లేదా బంధువుల ఇంట చాలాకాలంగా కదలని ఒక వాహనాన్ని ఎంచుకోండి. అది ఏ కోవకు చెందుతుందో గుర్తించి, దాన్ని చట్టబద్ధంగా వదిలించుకునే క్రమాన్ని పది వాక్యాల్లో రాయండి.