సూర్యుడికి కులం లేదు, పైకప్పుకు ఉంది

ఉప్పల్ మెట్రో స్టేషన్ నుంచి నాచారం పారిశ్రామికవాడ దాకా నడిస్తే రెండు రకాల పైకప్పులు కనిపిస్తాయి. కాలనీలలో మూడు, నాలుగు అంతస్తుల స్లాబు ఇళ్లు; వాటిలో కొన్నింటి మీద సౌరఫలకాలు. కార్ఖానాల వెనుక సందులలో సిమెంటు రేకుల గదులు. ఎండకు తాళలేక రేకుల మీద పరచిన గోనెసంచులు, పాత ఫ్లెక్సీలు. మే నెల మధ్యాహ్నం ఉపశమనం ఎక్కువగా కావలసింది ఈ రెండో కప్పు కింద ఉన్నవారికి. ప్రభుత్వ సబ్సిడీ మాత్రం మొదటి కప్పునే వెతుక్కుంటూ వెళుతోంది.

2024 ఫిబ్రవరిలో కేంద్రం ప్రారంభించిన పీఎం సూర్యఘర్ పథకం వ్యయం 75,021 కోట్ల రూపాయలు, లక్ష్యం కోటి ఇళ్లు. మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి 30 వేల రూపాయలు, మూడో కిలోవాటుకు 18 వేలు, మొత్తం గరిష్ఠంగా 78 వేల రూపాయల సాయం లభిస్తుంది. ఫలకాలు బిగించడానికి అనువైన కప్పు గల సొంత ఇల్లు ఉండాలి. విద్యుత్ కనెక్షన్ ఉండాలి. అంతకుముందు సౌర సబ్సిడీ పొంది ఉండరాదు. ఈ అర్హతలలో ఆదాయం ప్రస్తావన లేదు, కులం ప్రస్తావన లేదు. అందరికీ సమానమైన నిబంధనలుగానే కనిపిస్తాయి.

ఒక్కొక్క నిబంధననూ విప్పి చూడాలి. కిలోవాటుకు సుమారు వంద చదరపు అడుగుల గట్టి కప్పు కావాలి. మనిషి కాలు మోపితే పగిలే రేకు దానికి పనికిరాదు. సొంత ఇల్లన్న షరతుతో కిరాయిదారు మొదటి అడుగులోనే ఆగిపోతాడు. ఉప్పల్, నాచారం ఒకనాడు ఊళ్లే. నగరం వాటిని కలుపుకున్నప్పుడు పట్టా భూములున్నవారికి ప్లాట్లు, కాలనీలు, కిరాయిలు వచ్చాయి. ఊరికి ఆవల వాడలో ఉన్నవారికి మిగిలింది గ్రామకంఠంలో కాగితం లేని ఇల్లు, లేదా 1977 చట్టం ప్రకారం అమ్మడానికి వీలులేని అసైన్డు స్థలం. మీటరు తాత పేరున, ఇల్లు ముగ్గురు అన్నదమ్ముల అనుభవంలో ఉంటే పేరు మార్పిడికే నెలలు తిరగాలి. పైగా సబ్సిడీ చేతికందేది ఫలకాలు పనిచేయడం మొదలైన తరువాతే. ముందుగా పెట్టుబడి పెట్టగలిగినవాడికో, అప్పు పుట్టగలిగినవాడికో మాత్రమే ఆ డబ్బు అందుతుంది.

ఇందులో ఒక వైరుధ్యం ఉంది. 2011 సామాజిక, ఆర్థిక, కుల గణనలో గ్రామీణ పేదరికాన్ని కొలిచిన ఏడు సూచికలలో కచ్చా గోడలు, కచ్చా కప్పు గల ఒంటి గది ఒకటి. దళిత, ఆదివాసీ కుటుంబం కావడం మరొకటి. కప్పుకూ కులానికీ లేమితో ఉన్న సంబంధాన్ని ప్రభుత్వమే ఆనాడు నమోదు చేసింది. అక్కడ పేదరికానికి గుర్తయిన కప్పు ఇక్కడ అనర్హతగా మారింది. మరోవైపు గృహ సముదాయాల ఉమ్మడి అవసరాలకు కిలోవాటుకు 18 వేల చొప్పున 500 కిలోవాట్ల దాకా సబ్సిడీ ఉంది. అంటే ఒక పెద్ద గేటెడ్ కమ్యూనిటీ 90 లక్షల రూపాయల వరకు పొందవచ్చు. వారి లిఫ్టుకు సాయం ఉంది. ఆ లిఫ్టు తుడిచే మనిషి ఇంటికి లేదు.

‘పేదలకు గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్లు ఉచితంగా ఇస్తున్నాం కదా’ అన్న వాదన వస్తుంది. అది విలువైన పథకమే. కిరాయిదారును కూడా అర్హుడిగా గుర్తించింది. కానీ నెలవారీ మినహాయింపు వేరు, పాతికేళ్లు పనిచేసే ఆస్తి వేరు. మొదటిది ప్రభుత్వం మారితే పోవచ్చు. రెండోది కుటుంబానికి మిగిలిపోతుంది. ఒక వర్గానికి మినహాయింపులు, మరొక వర్గానికి ఆస్తులు పంచడం కుల అసమానతను కొత్త రూపంలో కొనసాగించడమే. తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానమూ 600 చదరపు గజాలకు లోపు స్థలాలలోని నివాసాలకు ఐచ్ఛికమే. చేతిలో డబ్బు లేనివాడికి ఐచ్ఛికమంటే లేనట్టే.

వేరే దారి లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు రెండు కిలోవాట్ల ఫలకాలు ఉచితంగా, బీసీలకు కేంద్ర సబ్సిడీకి అదనపు సాయం ఇచ్చే విధానం చేపట్టింది. కప్పు లేనివారికి మరెక్కడో ఉత్పత్తయిన సౌరవిద్యుత్తును వారి బిల్లులో జమచేసే వర్చువల్ నెట్ మీటరింగ్‌కు ఢిల్లీ నియంత్రణ మండలి 2019లోనే మార్గదర్శకాలు రూపొందించింది. అమెరికాలో 1976 నుంచి నడుస్తున్న ఇళ్ల ఉష్ణరక్షణ పథకానికి ఆదాయమే కొలమానం. యజమాని అనుమతితో కిరాయిదారూ అర్హుడే.

తెలంగాణకు చట్టం ఉంది, లెక్క కూడా ఉంది. 2017 ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం కింద రేకుల ఇళ్లకు చల్లని కప్పులు, స్లాబు ఉన్న పేద ఇళ్లకు పూర్తి ఖర్చుతో ఫలకాలు ఇవ్వవచ్చు. కులసర్వే రాష్ట్రంలో ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం అని తేల్చింది. సౌర సబ్సిడీ పొందినవారిలో వారి వాటా ఎంతో, కిరాయిదారులు ఎందరు మినహాయింపునకు గురయ్యారో అదే పద్ధతిలో ప్రకటించాలి.

1942 నుంచి 1946 వరకు వైస్రాయి మండలిలో లేబర్ సభ్యుడిగా విద్యుత్ విధానాన్ని నిర్దేశించినవాడు అంబేద్కర్. చౌకగా, సమృద్ధిగా విద్యుత్తు అందించడం రాజ్యం బాధ్యత అన్నది ఆయన వైఖరి. రిజర్వేషన్ల గురించి మాట్లాడేటప్పుడు ఆయనను తలచుకునే మనం సబ్సిడీల అర్హతలు రాసేటప్పుడూ తలచుకోవాలి. నాచారం సందులోని రేకుల గదికి సాయం అందని పథకం ఎన్ని మెగావాట్లు ఉత్పత్తి చేసినా, సామాజిక న్యాయం లెక్కలో అది లోటుగానే మిగులుతుంది.