హంపీయాత్ర: రైతు చూడవలసినది

మాఘమాసమున హంపీయాత్ర చేయ నుద్దేశించిన సభ్యులు కొందఱు మా సలహా కోరినారు. సంక్రాంతి వెళ్ళి, ధాన్యము గాదెల కెక్కిన పిమ్మట బయలుదేరుట మంచిదే. వేసవిలో ఆ ఱాతిగుట్టల నడుమ తిరుగుట కష్టము.

నర్సీపట్నము రోడ్డు స్టేషనులో రైలెక్కి బెజవాడ, గుంతకల్లు మీదుగా హోసపేట చేరవలెను. అచ్చటినుండి హంపీ సుమారు 13 కిలోమీటర్లు. రెండు దినములైన నిలువవలెను.

మొదటి దినము విరూపాక్ష, విఠల, హజారరామాలయములను దర్శింపుడు. 1516లో మన సింహాచలమునకు వచ్చిన కృష్ణదేవరాయల రాజధాని యిదియే.

రెండవ దినమును కాలువలకై యుంచుడు. విజయనగర రాజులు తుంగభద్రకు ఱాతి ఆనకట్టలు కట్టి త్రవ్వించిన కాలువలు నేటికిని వరిచేలకు, అరటితోటలకు నీరిచ్చుచున్నవి. 1565 నాటి యుద్ధముతో నగరము పాడయ్యెను, మేడలు మొండిగోడలయ్యెను. కాలువలు బ్రతికినవి. రాజు పోయిన మేడ కూలును. పూడిక తీయువా రున్నంతకాలము కాలువ నిలుచును.

మన చెఱువుల పూడికను, గండ్లను తలచుకొనుచు ఆ గట్టున నొకపూట నడువుడు. అచ్చటి రైతులు నీటివంతు లెట్లు జరుపుకొందురో అడిగి, వ్రాసికొని వచ్చి, సంఘ సమావేశమున వినిపింపుడు.

ఒక్కమాట: అప్పుచేసి యాత్ర వలదు. ధాన్యము అమ్మగా, బాకీలు తీరగా మిగిలిన సొమ్ముతోనే వెళ్ళుడు.