ఖాళీ వ్యాగన్ ఇంటిదారి

మిన్నియాపొలిస్ పిండిమిల్లులో బస్తాలు ఎక్కించుకున్న డబ్బా వ్యాగన్ ఒకటి బోస్టన్ చేరిందనుకుందాం. వ్యాగన్ గ్రేట్ నార్తర్న్ కంపెనీది. దారిలో మరి రెండు మూడు కంపెనీల పట్టాలు దాటి, చివరికి బోస్టన్ అండ్ మెయిన్ కంపెనీ యార్డులో ఖాళీ అయింది. పిండి చేరాల్సిన వాళ్లకు చేరింది. కిరాయి కంపెనీలన్నీ పంచుకున్నాయి. ఇక మిగిలింది ఖాళీ డబ్బా. దాని సొంతదారు రెండు వేల కిలోమీటర్లకు పైన అవతల ఉన్నాడు. అక్కడ గోధుమ కోతలు మొదలై, వ్యాగన్లు ఎప్పుడొస్తాయా అని ధాన్యం గిడ్డంగుల దగ్గర జనం ఎదురుచూస్తున్నారు. ఇక్కడి యార్డు వాళ్లకేమో చుట్టుపక్కల సరుకు తిప్పుకోవడానికి ఆ డబ్బా భేషుగ్గా పనికొస్తుంది. దాన్ని ఎవరు పంపాలి, ఏ దారిన పంపాలి, ఎవరి ఖర్చు మీద పంపాలి?

ఆవిరి యంత్రం గురించీ ఎయిర్ బ్రేకు గురించీ బడిపిల్లలు కూడా చదువుకుంటారు. పైన అడిగిన ప్రశ్నకు అమెరికా రైల్వేలు కనిపెట్టిన జవాబు గురించి మాత్రం రైల్వే గుమస్తాలకు తప్ప ఎవరికీ పట్టదు. ఒక అద్దె రేటు, కొన్ని నియమాలు, ఒక పద్దుల పుస్తకం, అంతే ఆ జవాబు. అయినా ఇరవై లక్షల వ్యాగన్లను నడిపిన యంత్రం అది. యంత్రాలకుండే జబ్బులన్నీ దానికీ ఉన్నాయి.

మొదట్లో ఈ తలనొప్పి లేదు. ఒక కంపెనీ పట్టాలు అయిపోయిన చోట సరుకు దించి, పక్క కంపెనీ వ్యాగన్లోకి ఎక్కించేవారు. పట్టాల వెడల్పు తలా ఒక రకంగా ఉన్నచోట గత్యంతరమూ లేదు. అంతర్యుద్ధం తర్వాత వ్యాగన్లు హద్దులు దాటడం మొదలైంది. 1886 మే 31, జూన్ 1 తేదీల్లో దక్షిణాది రైల్వేలు అయిదడుగుల వెడల్పున్న పట్టాలను మూడంగుళాలు దగ్గరికి జరిపేశాయి. దాంతో బండ్లు ఉత్తరానికీ దక్షిణానికీ ఆగకుండా తిరగసాగాయి. అప్పటికే 1867లో పుట్టిన మాస్టర్ కార్ బిల్డర్స్ అసోసియేషన్ మరమ్మతు తగవుల మీద నియమాలు రాసుకుంటోంది. వాడకంతో అరిగిపోతే ఖర్చు సొంతదారుది, మోటుగా నడిపి విరగ్గొడితే ఆ నడిపినవాడిది. వినడానికి ఎంతో న్యాయంగా ఉంటుంది. ఫలానా పలక అరిగి ఊడిందా, గుద్దుకుని విరిగిందా అనేది తేల్చడానికి మాత్రం ప్రతి జంక్షన్‌లోనూ తనిఖీ మనిషిని పెట్టాల్సి వచ్చింది.

అసలు చిక్కు అద్దె దగ్గర వచ్చింది. పరాయి కంపెనీ వ్యాగన్‌ను వాడుకుంటే, అది మీ పట్టాల మీద నడిచిన ప్రతి మైలుకూ ఒక సెంటులోపు ఇవ్వాలన్నది పాత పద్ధతి. అంటే నడిస్తేనే అద్దె, నిలబెడితే ఉచితం! ఎవరూ ఏమీ చేయకముందే పద్ధతే దొంగదారి చూపించింది. వ్యాగన్‌ను సైడింగ్‌లో పడేసి గోదాములా వాడుకున్నారు. బొగ్గు వ్యాపారులు నెలల తరబడి దించకుండా ఉంచుకున్నారు. పైగా ఎన్ని మైళ్లు తిప్పామన్న లెక్క రాసేది వాడుకున్న కంపెనీయే. ఆ లెక్క ఏ వైపుకి మొగ్గి ఉండేదో చెప్పక్కర్లేదు.

1902 జూలై 1న ఇది తిరగబడింది. ఇకనుంచి అద్దె మైలుకు కాదు, రోజుకు. పరాయి వ్యాగన్ మీ దగ్గరుంటే నడిచినా నిలబడినా రోజుకు 20 సెంట్లు. 1920 నాటికి అదే డాలరు అయింది. సరుకు దించుకోకుండా ఆలస్యం చేసిన వ్యాపారి మీద వేసే డెమరేజి సంగతి మన పాఠకులకు తెలుసు. ఇది దానికి అన్నలాంటిది, రైల్వే మీద రైల్వే వేసేది.

రోజు అంటే ఎప్పటినుంచి ఎప్పటిదాకా? అర్ధరాత్రి లెక్క. పన్నెండు కొట్టేసరికి వ్యాగన్ ఎవరి అధీనంలో ఉంటే ఆ రోజు అద్దె కట్టాల్సింది వాళ్లే. ఈ చిన్న మాట యార్డుల్లో రాత్రి జీవితాన్నే మార్చేసింది. రెండు కంపెనీలు వ్యాగన్లు మార్చుకునే పట్టాల దగ్గర సాయంత్రమంతా కునికిపాట్లు పడే షంటింగ్ ఇంజను, పదకొండు దాటేసరికి హడావిడిగా లేచేది. పరాయి వ్యాగన్లను ముప్పయ్యో నలభయ్యో ఒక వరసగా కూర్చి, పన్నెండు లోపల అవతలివాళ్ల పట్టాల మీదికి తోసేసేవారు. లాంతరు పట్టుకున్న గుమస్తా వరస పొడవునా నడుస్తూ ప్రతి డబ్బా మీదా కంపెనీ అక్షరాలు, నంబరు చూసి పుస్తకంలో ఎక్కించేవాడు. అవతలి గుమస్తా కూడా అదే పని చేసేవాడు. ఇద్దరి పుస్తకాలూ కలవకపోతే ఉత్తరాల యుద్ధం. పదకొండు యాభైకి వచ్చిపడ్డ వరసను అందుకున్నవాడికి ఆ రోజంతటి అద్దె నెత్తిన పడేది, పది నిమిషాల వాడకానికి. చాలా ఏళ్ల తర్వాత గానీ అద్దెను గంటల్లోకి మార్చలేదు.

అద్దె ఒక్కటే చాలదు. కోతల కాలంలో ఒక వ్యాగన్ సంపాదించే కిరాయి ముందు డాలరు అద్దె ఏపాటి? అందుకే కార్ సర్వీస్ నియమాలు వచ్చాయి. మన పిండి వ్యాగన్ దగ్గరికే తిరిగి వెళ్దాం. అది నిలబడ్డ యార్డుకు సొంత కంపెనీ పట్టాలు నేరుగా కలుస్తుంటే, నిండుగానో ఖాళీగానో సొంత కంపెనీకే పంపాలి. బోస్టన్ నుంచి గ్రేట్ నార్తర్న్‌కు నేరు కలయిక లేదు కనుక, దాని ఊరివైపు వెళ్లే సరుకు ఏదైనా ఉంటే అది నింపి పంపాలి. సెయింట్ పాల్‌కు చెప్పుల పెట్టెలు వెళ్లాల్సి ఉంటే దివ్యం. షికాగోకైనా సరే, సగం దారి కలిసొచ్చినట్టే. అదీ లేకపోతే, సరుకుతో ఏ కంపెనీ తెచ్చి అప్పగించిందో ఆ కంపెనీకే ఖాళీగా తిరిగి ఇచ్చేయొచ్చు. నాకొద్దు అనడానికి వాళ్లకు వీల్లేదు. నిండుగా తెచ్చి కిరాయి తిన్నవాడు ఖాళీగా మోసుకుపోవాలన్నమాట. ఈ నియమాలన్నిటిలో నాకు బాగా నచ్చింది ఈ చివరిదే. ఇక పరాయి వ్యాగన్‌ను దాని ఇంటికి వ్యతిరేక దిశలో నింపడం నిషిద్ధం.

నిషిద్ధమే గానీ శిక్ష లేదు. నియమాలు కంపెనీలు తమలో తాము ఒప్పుకున్నవి. వ్యాగన్లు సరిపడా ఉన్నప్పుడు అందరూ పాటించేవారు, అంటే అవసరం లేనప్పుడు. కరువొస్తే ఎవరికివారే. 1917లో అమెరికా యుద్ధంలోకి దిగిన కొద్ది వారాలకు, మే 29న, ఎష్ చట్టం వచ్చి ఈ నియమాల మీద అంతర్రాష్ట్ర వాణిజ్య కమిషన్‌కు అధికారం ఇచ్చింది. అయినా ఆ ఏటి చలికాలంలో తూర్పు రేవులకు వెళ్లే నిండు వ్యాగన్లు యార్డుల్లో గడ్డకట్టినట్టు నిలిచిపోయాయి. ఓడలు వచ్చేలోగా దించడానికి చోటు లేదు. ప్రతి ప్రభుత్వ శాఖా తన సరుకే అత్యవసరమని చీటీ అంటించడంతో చీటీకి విలువే లేకుండాపోయింది. పడమట ఖాళీ డబ్బాలకు కటకట. డిసెంబరు 28న ప్రభుత్వం రైల్వేలన్నిటినీ తన చేతిలోకి తీసుకుంది. వ్యాగన్ ఎవరిదన్నది పక్కనపెట్టి అన్నిటినీ ఉమ్మడి సొత్తుగా తిప్పారు. యుద్ధానికి అది పనికొచ్చింది. 1920 మార్చి 1న తిరిగి అప్పగించేనాటికి మాత్రం చాలా కంపెనీల వ్యాగన్లు దేశమంతా చెల్లాచెదురై ఉన్నాయి, మరమ్మతు లేక మూలుగుతున్నాయి.

ఆ తర్వాత నలభై యాభై ఏళ్లపాటు నడిచింది ఒకటే పేచీ. న్యూ ఇంగ్లండ్ రైల్వేలకు వచ్చే సరుకెక్కువ, పంపే సరుకు తక్కువ. సరుకు ఎప్పుడూ పరాయి వ్యాగన్లలోనే వస్తుంది, అద్దె ఎప్పుడూ వాళ్లే కట్టాలి. అందుకని వాళ్లకు అద్దె ఎంత తక్కువైతే అంత మేలు. పడమటి కంపెనీల మాట మరొకటి: కొత్త డబ్బా కొని పంపితే ఏడాదిదాకా ముఖం చూపించదు, అద్దె చూస్తే వ్యాగన్ ఖరీదుకు వడ్డీ కూడా రాదు, మేమెందుకు కొనాలి? ఇద్దరూ నిజమే చెప్పారు. ఫలితంగా ఎవరూ సరిగా కొనలేదు, ఏటా కోతలప్పుడు డబ్బాల కరువు తప్పలేదు.

కమిషన్ రెండు మందులు వేసింది. మొదటిది ఆజ్ఞ. 1969లో, ఖాళీలను ఇంటివైపు పంపే మొదటి రెండు నియమాలనూ తప్పనిసరి చేసింది. పక్కనే ఖాళీ డబ్బా కనబడుతున్నా ఇంటి దిశ కాదని నింపనివ్వకపోతే ఖాళీ పరుగులు పెరుగుతాయని ఉక్కు కంపెనీలు కోర్టుకెక్కాయి. 1972లో అలిగెనీ లడ్లమ్ కేసులో సుప్రీంకోర్టు కమిషన్ పక్షాన నిలిచింది. రెండోది ధర. 1966లో చట్టం సవరించి, మామూలు అద్దె మీద ప్రోత్సాహక అద్దె కలపడానికి వీలిచ్చారు. 1970లో కమిషన్ మామూలు డబ్బా వ్యాగన్ల మీద, సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి వరకు, అదనపు రేటు వేసింది. మాకు మౌఖిక విచారణ ఇవ్వలేదని ఫ్లోరిడా ఈస్ట్ కోస్ట్ రైల్వే దావా వేసి 1973లో ఓడింది. ప్రభుత్వ సంస్థ నియమాలు చేసేముందు ఎంతవరకు విచారణ జరపాలన్న ప్రశ్న మీద అమెరికా న్యాయ విద్యార్థులు నేటికీ చదివే కేసు అది. ఖాళీ డబ్బా అద్దె తగవు కాస్తా పాలనా న్యాయశాస్త్రంలో ఒక అధ్యాయమైంది.

రెండో మందు మరీ ఎక్కువగా పనిచేసింది. డబ్బా కొని పరాయి పట్టాల మీద తిరగనిస్తే గంటగంటకూ డబ్బొస్తుందని పెట్టుబడిదార్లకు తెలిసిపోయింది. పైన పన్ను రాయితీ. పదీ ఇరవై మైళ్ల చిన్నచిన్న రైల్వేల పేర్లతో కొత్త వ్యాగన్లు రంగురంగుల్లో పుట్టుకొచ్చాయి. అన్నీ ఒక్కసారి ఇంటికొస్తే నిలబెట్టుకోవడానికి పట్టాలు చాలని రైల్వేలూ ఉన్నాయి. 1980ల మొదట్లో మాంద్యం వచ్చి సరుకు తగ్గగానే సరిగ్గా అదే జరిగింది. పెద్ద కంపెనీలు పరాయి డబ్బాలను దులిపేసుకున్నాయి. నిన్నటిదాకా కరువన్న వస్తువు వరసలు వరసలుగా సైడింగుల్లో తుప్పుపట్టింది.

ఈ గొడవ మధ్యలోనే 1974లో రైల్‌బాక్స్ వచ్చింది. రైల్వేలు కలిసి కొన్న పసుపుపచ్చ డబ్బాలు, ఎవరైనా ఎటైనా నింపుకోవచ్చు. ఇల్లంటూ ఒకటి లేదు కనుక వెనక్కి పంపే నియమమూ లేదు. 1917లో ప్రభుత్వం బలవంతంగా చేసినదాన్ని ఇక్కడ అద్దె కట్టి, మరమ్మతు బాధ్యత పెట్టి చేశారు. అందుకే నిలబడింది.

నియమం ఎంత గొప్పదైనా వ్యాగన్ ఎక్కడుందో తెలియాలి కదా. 1967 నుంచి కార్‌ట్రాక్ అనే రంగుల గీతల చీటీలను వ్యాగన్ల పక్కన అంటించారు. పట్టాల పక్కన పెట్టిన కాంతి యంత్రం బండి పోతుండగానే వాటిని చదవాలి. దుకాణాల్లో బార్‌కోడ్ రాకముందు మాట ఇది! దుమ్మూ మట్టీ పట్టి అయిదింట ఒకటి చదవడానికి రాకపోయేది. 1970ల చివరికి వదిలేశారు. 1990లలో రేడియో బిళ్లలు వచ్చాక గానీ లాంతరు గుమస్తా పని యంత్రానికి పూర్తిగా చిక్కలేదు. 1994 నుంచి పదేళ్లపాటు ఏటా పదో వంతు చొప్పున అద్దెలను నిర్ణీత రేట్ల నుంచి విడుదల చేశారు. ఇప్పుడు గంటకు ఎంత, మైలుకు ఎంత అన్నది కంపెనీలు బేరమాడుకుంటాయి.

నూరేళ్ల ఈ చరిత్రలో ఆజ్ఞ కంటే అద్దే ఎక్కువ వ్యాగన్లను ఇంటికి చేర్చింది. రేటు తప్పుగా కడితే మాత్రం ఆజ్ఞ కంటే ఎక్కువ చెడగొట్టింది కూడా అద్దే.

మన దగ్గర జోన్లన్నీ ఒకే ప్రభుత్వానివి కాబట్టి తగవు ఇంతదూరం వెళ్లదు, కానీ రైల్వేల ప్రతి వ్యాగన్‌కూ సొంత జోన్ ఉంది. ఈసారి కాజీపేటలోనో విజయవాడలోనో గూడ్సు ఆగితే డబ్బా మీది పదకొండంకెల నంబరు చూడండి. మూడు, నాలుగు అంకెలు సొంతదారువి. అక్కడ 09 ఉంటే అది దక్షిణ మధ్య రైల్వేది.