పాత డోసు ఎందుకు పనిచేయదు?

పెద్ద ఆపరేషన్ అయ్యాక నొప్పికి ఆస్పత్రిలో మార్ఫిన్ ఇస్తారు. అదే రోజూ ఇస్తూ పోతే కొన్నాళ్లకు పాత డోసు చాలదు. మందు మారలేదు. మరి మారిందేంటి? మన కణాలే!

నాడీకణం పైపొరలో ‘మ్యూ ఓపియాయిడ్ రిసెప్టర్’ అనే ప్రోటీన్ ఉంటుంది. మార్ఫిన్ అతుక్కునేది దీనికే. మెదడులో ఇలాంటివి ఉన్నాయని 1973లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో క్యాండేస్ పెర్ట్, సోలమన్ స్నైడర్ చూపించారు. అప్పటికి పెర్ట్ ఇంకా పరిశోధక విద్యార్థిని.

ఈ రిసెప్టర్లు ఎన్ని ఉండాలో కణం రెండు చోట్ల తేల్చుకుంటుంది. ఒకటి కేంద్రకంలో. ఓపీఆర్‌ఎం1 అనే జన్యువు నుంచి ఎంత ఆర్‌ఎన్‌ఏ తయారవ్వాలో అక్కడ ఖరారవుతుంది. డీఎన్‌ఏకి మిథైల్ గుర్తులు పడినా, ‘రెస్ట్’ అనే ప్రోటీన్ వచ్చి కూర్చున్నా ఉత్పత్తి తగ్గిపోతుంది. ఇది నిదానంగా సాగే వ్యవహారం.

రెండోది పైపొర దగ్గర, నిమిషాల్లో జరిగిపోతుంది. పనిచేస్తున్న రిసెప్టర్‌కి జీఆర్‌కే ఎంజైములు ఫాస్ఫేట్ తగిలిస్తాయి. ఆ గుర్తు చూసి బీటా-అరెస్టిన్ వస్తుంది, సిగ్నల్ కట్ చేసి రిసెప్టర్‌ని లోపలికి లాగేస్తుంది. అక్కడ్నుంచి కొన్ని మళ్లీ పైకొస్తాయి, కొన్ని లైసోజోముకెళ్లి ముక్కలవుతాయి. సర్వర్‌పై లోడ్ పెరిగితే మనం రిక్వెస్టులు ఆపేస్తాం చూడండి, దాదాపు అలాగే.

తమాషా ఏంటంటే, మన ఒంట్లో పుట్టే ఎన్‌కెఫలిన్ రిసెప్టర్‌ని చక్కగా లోపలికి పంపిస్తుంది. మార్ఫిన్‌కి మాత్రం ఆ పని సరిగా చేతకాదు. రిసెప్టర్లు పైనే ఉంటాయి, కానీ స్పందన మందగిస్తుంది. కణం లోపలి సర్క్యూట్లూ సర్దుకుంటాయి. ‘రిసెప్టర్లు తగ్గడమే టాలరెన్స్’ అని నోట్సుల్లో ఒక్క ముక్కలో తేల్చేయడం నాకస్సలు నచ్చదు.

ఇక అసలు ప్రమాదం. మందు మానేస్తే కణాలు నెమ్మదిగా పాత స్థితికి వస్తాయి. డీ-అడిక్షన్ నుంచి బయటికొచ్చిన కుర్రాడు ‘ఇదివరకు తట్టుకున్నాను కదా’ అని పాత డోసే వేసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. ట్రమడాల్‌ని 2018లో ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి తెచ్చారు, అదీ ఓపియాయిడే. మీ ఫ్రెండ్ మత్తులో పడి ఉండి, లేపినా లేవకుండా, శ్వాస నెమ్మదిస్తుంటే ‘తెల్లారేసరికి దిగిపోతుందిలే’ అని వదిలేయకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆ మందుని రిసెప్టర్ మీద నుంచి తోసేసే నలాక్సోన్ ఆస్పత్రుల్లో ఉంటుంది.

బీటెక్ చేసినవాళ్లకి ఇందులో పనేంటి అంటారా? చాలానే ఉంది. ఈ రిసెప్టర్ల కుటుంబంపై పరిశోధనకే లెఫ్‌కోవిట్జ్, కోబిల్కాలకు 2012 కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. మన దగ్గర ఐఐటీ కాన్పూర్‌లో అరుణ్ శుక్లా బృందం అరెస్టిన్ల మీదే పనిచేస్తోంది. ట్రిపుల్ఐటీ హైదరాబాద్‌లో బయోఇన్ఫర్మాటిక్స్‌కి ప్రత్యేక కేంద్రముంది. పైథాన్ వచ్చుంటే ఈ రాత్రే మొదలుపెట్టొచ్చు. జీటెక్స్ పోర్టల్ తెరిచి ఓపీఆర్‌ఎం1 అని కొట్టండి. చాలా కణజాలాల్లో గ్రాఫు నేలకి అంటుకుని కనిపిస్తుంది. ఎందుకంటే అది లక్షల కణాల సగటు, ఈ జన్యువు పలికేది వాటిలో కొన్నింట్లోనే. ఆ కొన్నింటిని పట్టుకోవాలంటే సింగిల్-సెల్ డేటాకి వెళ్లాలి. అదీ చాలావరకు ఉచితమే.